ఊరకే పోయిన మీసం

మా నాయన బతికుండగానే ఆయన చావును అమ్ముకున్నవాణ్ణి నేను. అదీ అల్లాటప్పా బేరం కాదు. నోరు తెరిచి ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, రేణిగుంట నుంచి తడ దాకా బెల్లం లారీలో ముందు సీటు, మధ్యలో నాయుడుపేటలో నాలుగు ఇడ్లీలు, రెండు వడలు, ఒక గ్లాసు కాఫీ రాబట్టాను. తిరుపతి బజారులో పుట్టి పెరిగినవాళ్లలో ఇంతకంటే లాభమైన బేరం చేసినవాడు ఇంకొకడుంటే వచ్చి చెప్పమనండి, నా కుర్చీ ఖాళీ చేసి ఇస్తాను. ఎటూ మోకాళ్ల నొప్పులు. ఆ కుర్చీలోంచి లేవడమే ఈ మధ్య నాకు పెద్ద పని అయిపోయింది.

పోయిన నెల తడకు వెళ్లి వచ్చాను. మా మంగత్త, అంటే నాయనకు అక్క, పోయిన కొన్నాళ్లకు ఆమె కోడలు ఫోన్ చేసింది. "మీకిమ్మని అత్త చెప్పిన సామానొకటి ఉండాది, వచ్చి తీసకపోండి" అంది. ఆ సామాను అన్నం వండే ఇత్తడి గుండిగ ఒకటి. కారులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. ఆ లారీలో పోయినప్పుడు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాటి చేరిన దారి ఇప్పుడు ఒక కునుకులో అయిపోతోంది. కునుకు పట్టలేదు. గుండిగ అంచు మీద వేలు పెట్టి తడుముతూ కూర్చున్నాను. వంకరటింకర చుక్కలతో అక్కడ రెండే అక్షరాలు ఉన్నాయి: మంగ. అవి కొట్టింది నాయన. బజారులో అందరికంటే ముత్యాల్లాంటి అక్షరాలు కొట్టే మనిషి అంత వంకరగా ఎందుకు కొట్టాడో చెప్పాలంటే మా అంగడి సంగతి చెప్పాలి.

మాది ఇత్తడి సామాన్ల అంగడి. ఇల్లు వెనక, అంగడి ముందు, మధ్యలో ఒక గోనెపట్టా తెర. తెల్లవారకముందే అమ్మ చింతపండు పిప్పితో సామాన్లు తోమడం మొదలుపెట్టేది. ఆ పులుపు వాసన, తడి ఇత్తడి వాసన, నాయన వెలిగించే సాంబ్రాణి వాసన మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. అమ్మ వేళ్ల చివర్లు ఎప్పుడూ ముడతలు పడి తెల్లగా ఉండేవి. నాయన గల్లాపెట్టె ముందు కూర్చుని, కొత్తగా వచ్చిన ప్రతి బిందెనూ వేలి మెటికతో ఒకసారి కొట్టి, తల ఒక పక్కకు వంచి వినేవాడు. శబ్దం నచ్చకపోతే దాన్ని వెనక వరసలోకి తోసేవాడు. కొన్నవాళ్ల పేరు అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కి ఇవ్వడం మా అంగట్లో ఊరకే. తలవంచి, ఉలితో టకటకా కొడుతూనే అడిగినవాళ్లకు ధర చెప్పేవాడు.

ఆ ధరలు రెండు. పైకి చెప్పేదొకటి, ఇచ్చేదొకటి. వచ్చినవాళ్లు సగానికి అడగాలి, మేము గుండె బాదుకోవాలి, వాళ్లు మెట్టు దిగిపోవాలి, మేము వెనక్కి పిలవాలి. ఇదంతా అయితేనే బేరం కుదిరినట్టు. చెప్పిన ధర చెప్పినట్టు చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడంటే నాయనకు మహా కోపం. "నాతో రెండు మాటలు మాట్లాడేదానికి గూడా ఇష్టం లేదు వానికి" అనేవాడు. ఇప్పుడు ప్రతి సామాను మీదా చీటీ అంటించి ఉంటుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. మా అబ్బాయి అంగడి అలాగే నడుస్తోంది, బాగానే నడుస్తోంది. నేను ఓ మూల కూర్చుని చూస్తుంటాను, నాకే నిద్ర వస్తుంది.

మంగత్త తన కూతురి పెళ్లికి గుండిగ కొనడానికి వచ్చిన రోజు అంగడి నిండా జనం. నాయన తలవంచి ఎవరిదో పేరు కొడుతున్నాడు. "ఈ గుండిగ ఎంత?" అని ఆమె అడిగింది. నాయన తల ఎత్తకుండానే ధర చెప్పాడు. పైకి చెప్పే ధర. పరాయివాళ్లకు చెప్పేది. ఆమె అదే అంగట్లో పుట్టి పెరిగిన మనిషి, ఏ ధర ఏదో ఆమెకు తెలియదా? ఒక్క మాట బేరమాడలేదు. చెప్పింది చెప్పినట్టు గల్లాపెట్టె మీద పెట్టి, పేరు కూడా కొట్టించుకోకుండా, గుండిగ చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది. నాయన తల ఎత్తేసరికి ఆమె వీపు కనబడింది. తర్వాత ఏడేళ్లు అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. నాయన రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగి వచ్చేవి. తనే వెళ్లి ఉండొచ్చు కదా అంటే, "ఎవురో అనుకున్న్యానని యెట్ల సెప్పేది? అది ఇంకా పెద్ద తప్పు గదా" అనేవాడు.

ఆ ఏడో ఏట నాయనకు కడుపులో గడ్డ అన్నారు. సోమవారం వేలూరులో ఆపరేషన్‌కు చేరాలి. అంతా సిద్ధమైంది. శనివారం పొద్దున నాయన మంచం మీద నుంచి, "అక్క రాకుండా నేను ఆ బల్ల ఎక్కను" అన్నాడు. అమ్మ ఎంత బతిమాలినా అదే మాట. చివరికి నన్ను పిలిచి బస్సు చార్జీ చేతిలో పెట్టి, "ఉత్తరం రాస్తే విప్పదు. మనిషి పోవాల. నువ్వు పోయి పిల్సకరా, రేపటికంతా ఈడ ఉండాల" అన్నాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. అక్క రాకపోతే నాయన ఆసుపత్రికి వెళ్లడు, వెళ్లకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పనే చెప్పాడు. ఇంత తెలిసి కూడా వీధి మలుపు తిరిగేసరికి నా బుర్ర బస్సు చార్జీ ఎలా మిగల్చాలా అన్న దాని మీదికి పోయింది. ఆ డబ్బుతో ఏం కొనాలనుకున్నానో ఇప్పుడు ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రావడం లేదు.

కొండ దిగివచ్చిన గుండును లారీవాళ్లు ఊరకే ఎక్కించుకుంటారని, అది వాళ్లకు శుభమని విని ఉన్నాను. కొండెక్కి మొక్కు తీర్చుకుని దిగడానికి టైమెక్కడిది? మా వీధి చివర మంగలి మునస్వామి అంగట్లో కూర్చున్నాను. ధర సగానికి దించాను. తల అయిపోయాక కత్తి తుడుచుకుంటూ, "మీసం గూడా తీసేదా?" అన్నాడు.

"దానికెంత?"

"దానికేముందప్పా, ఊరకే."

ఊరకే వచ్చేదాన్ని వద్దనే వంశం కాదు మాది. తీసెయ్యమన్నాను. ఏణ్ణర్ధం కష్టపడి పెంచిన మీసం అది.

తిరుపతి రోడ్డు మీద నిలబడ్డాక తెలిసింది, ఆ ఊళ్లో గుండుకు విలువ లేదని. ఎటు చూసినా గుండ్లే. రోజుకు వేలమంది గుండ్లతో దిగే చోట ఒక లారీవాడు నన్నే ఎందుకు చూస్తాడు? సరుకు ఎక్కువున్న చోట ధర పడిపోతుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగి కూడా నాకు తట్టలేదు. నడిచాను. ఎండకు కొత్త గుండు మాడిపోయింది. నిజంగా మొక్కు తీర్చుకున్నవాళ్లు చల్లగా గంధం రాసుకుంటారు, నాకు అదీ లేదు. రేణిగుంట చేరేసరికి కళ్లు బైర్లు కమ్మి ఒక టీ అంగడి ముందు కూలబడ్డాను.

అక్కడ ఆగి ఉన్న బెల్లం లారీ డ్రైవరు మస్తాన్ భాయ్ నన్ను చూశాడు. చిత్తూరు మనిషి, గడ్డం సగం నెరిసింది, భుజం మీద గళ్ల తువ్వాలు. టీ తాగుతూ కాసేపు నా తలనూ మూతినీ మార్చి మార్చి చూసి దగ్గరికి వచ్చాడు.

"యాడికప్పా?"

"తడకు."

"తడలో ఎవురుండారు?"

"మా అత్త. నాయనకు అక్క. కబురు చెప్పి పిల్చుకురావాల."

ఆయన మొహం మారింది. "గంధం లేదు, మీసం గూడా లేదు, నేను సూస్తానే అనుకున్న్యా" అని గొంతు తగ్గించి, "నాయనా?" అన్నాడు.

కాదు అన్న ఒక్క మాట సరిపోయేది. ధర చెప్పాక నోరు మూసుకోరా, అవతలివాళ్లే మాట్లాడతారు అని నాయన నాకు నేర్పిన మొదటి పాఠం. నోరు మూసుకున్నాను. తల వంచాను. మస్తాన్ భాయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎక్కు బిడ్డా. సూళ్లూరుపేటలో బెల్లం దించాల నేను. నిన్ను తడలో దించినాకే దించుతా."

లారీ అంతా బెల్లం వాసన, వేడికి కరిగిన తీపి, దాని మీద ఈగలు. కాళహస్తి దాటేదాకా ఆయనే మాట్లాడాడు. "మా అబ్బా, మా నాయన, పోయినప్పుడు నేను బెజవాడలో ఉండా. టెలిగ్రాము రెండు దినాలకు అందింది. పరిగెత్తుకుంటా పోయినా. అప్పిటికే అయిపాయ. ఒక్క పిడికెడు మట్టి ఇచ్చుకోలేకపోయినా. నీకట్ల కాకూడదు, మీ అత్తకట్ల కాకూడదు" అని యాక్సిలరేటర్ తొక్కాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. కానీ లారీ పరిగెత్తుతోంది. నడిరోడ్డు మీద దింపేస్తే? నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏడుస్తున్నాననుకుని ఆయన మాటలు ఆపేశాడు.

నాయుడుపేటలో హోటలు ముందు ఆపి, "మీకు ఈ దినాల్లో బయట తినకూడదేమో?" అని సందేహంగా అడిగాడు. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. "చిన్నోళ్లకు ఫరవాలేదంటలే" అన్నాను. ఆ దారిలో నేను నోరు తెరిచి ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను. మొదట్లో ఒక్కటి కూడా ఆడలేదని గొప్పలు పోయాను కదా, దాన్ని సవరించుకోండి. ఇడ్లీలు వేడిగా ఉన్నాయి. నేను తింటుంటే ఆయన తినకుండా చూస్తూ కూర్చున్నాడు. కాఫీ ఆయనే చల్లార్చి ఇచ్చాడు.

సూళ్లూరుపేట దాటింది. బెల్లం దించుకోవాల్సిన అంగడి ముందు నుంచే లారీ పోయింది, అంగడివాడు చెయ్యి ఊపుతూ వెంట పరిగెత్తాడు. మస్తాన్ భాయ్ ఆగలేదు. ఎడమ పక్కన పులికాట్ నీళ్ల తళతళ, ఉప్పు వాసన. తడ రాగానే దిగి నడిచిపోతానన్నాను. "అట్లెట్ల? ఇంటిదాకా వస్తా" అన్నాడు. సందులోకి దూరి అత్త ఇంటి ముందే ఆపాడు. మామది గుల్ల సున్నం వ్యాపారం. గోడలూ చెట్లూ అన్నిటి మీదా తెల్లటి దుమ్ము. మామ బట్టీ దగ్గర ఉన్నాడు. అత్త ఒక్కతే అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

నాకంటే ముందు ఆయన దిగాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకుని, "అమ్మా, మనసు గట్టి చేసుకో. మీ తమ్ముడు..." అన్నాడు. అత్త ఆయన్ను చూడలేదు. ఆయన వెనక నన్ను చూసింది. నా తల, నా మూతి. చేతిలో చింతపండు అలాగే ఉండగా ఒక కేక పెట్టింది. అలాంటి శబ్దం మా అంగట్లో ఏ ఇత్తడి నుంచీ నేను వినలేదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చెప్పాలి. ఎవరికీ చెప్పనిది ఇదే. నేను వెంటనే "నాయన బాగుండాడు అత్తా" అని అరిచి ఉండాలి. అరిస్తే మస్తాన్ భాయ్ ముందు దొంగనవుతాను. ఆయన వెళ్లిపోయాక చెబుదామనుకున్నాను. ఆయన దణ్ణం పెట్టి, మంచినీళ్లు కూడా ముట్టకుండా లారీ ఎక్కాడు. కానీ సందు ఇరుకు. లారీ తిరగడం లేదు. ముందుకో జానెడు, వెనక్కో జానెడు. ఆ లారీ తిరిగి సందు దాటేదాకా మా అత్త తన తమ్ముడి కోసం గుండెలు బాదుకుని ఏడుస్తూనే ఉంది, నేను లారీ వెనక చక్రాల్ని చూస్తూ నిలబడ్డాను. ఆమె ఎన్నో మాటలు చెప్పుకుని ఏడ్చింది. చిన్నప్పటివి, వాళ్లమ్మవి, అన్నీ. నా చెవిలో పడింది ఒక్కటే. "ఒక్క తూరి తలకాయెత్తి సూసింటే యేం పోయుండురా నీ సొమ్ము!"

లారీ చప్పుడు ఆగిపోయాక చెప్పాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చింతపండు చేత్తోనే నా చెంప పగలగొట్టింది. "నా ఏడుపంతా దండగ సేసినావు గదరా, దిక్కుమాలినోడా! బతికుండేటోని కోసరం ఏడిపిచ్చినావు గదరా నన్ను!" అని మళ్లీ ఏడ్చింది. ఆ రెండో ఏడుపు వేరేగా ఉంది, మధ్యలో నవ్వు తగులుతోంది. తర్వాత తన నెత్తిన ఒక బిందె, నా గుండు మీద ఒక బిందె నీళ్లు కుమ్మరించింది. "పోనీలే, ఉత్త సావు కబురు వస్తే ఆయుసు పెరుగుతాదంటారు" అంది. నాయన ఆపరేషన్ సంగతి చెప్పాను. ఒక్కటే అడిగింది: "వాడే పంపినాడా? అక్కను పిల్సకరమ్మని వాని నోటితోనే సెప్పినాడా?" అవునన్నాను. లోపలికెళ్లి అటక మీద నుంచి గుండిగ దించింది. కూతురికి పెట్టనే లేదు, ఏడేళ్ల సున్నపు దుమ్ము పట్టి ఉంది దానికి. బస్సు చార్జీ నేను తీయబోతే నా చెయ్యి తోసేసి, "నీ బేరాలు సాలు" అని తనే ఇద్దరికీ టికెట్టు తీసింది.

ఇంట్లో అమ్మ నన్ను చూసి గోడకు చేరగిలబడింది. "నాయన బతికుండంగా మీసం తీస్తార్రా ఎవురన్నా!" నాయన మంచం మీద నుంచి, "మీసానికి ఎంత తీసుకున్న్యాడు?" అని అడిగాడు. ఊరకే అన్నాను. "అట్లయితే సరే" అన్నాడు.

అత్త గుండిగను మంచం పక్కన ఠంగుమని పెట్టింది. "ఇది ఎంతకిస్తావో ఇప్పుడు సెప్పు."

నాయన నొప్పితో కళ్లు మూసుకునే ఉన్నాడు. మెల్లగా ఒక ధర చెప్పాడు. అత్త సగానికి అడిగింది. "ఆ ధరకు రేకు గూడా రాదు పో" అన్నాడు. "నీ ఇత్తట్లో సగం రేకే గదా, మన నాయన కాలం నుంచి సూస్తా ఉండా" అంది. లేచి గడప దాకా వెళ్లింది. నాయన వెనక్కి పిలిచాడు. ఏడేళ్ల కిందట కొనేసిన గుండిగకు వాళ్లిద్దరూ అలా గంటసేపు బేరం ఆడారు, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వింటూ నిలబడింది. చివర్లో అత్త, "పేరు కొట్టియ్యాల. నువ్వే కొట్టాల. వేలూరు నుంచి వచ్చినాక" అంది. నాయన కళ్లు మూసుకునే తల ఊపాడు.

మర్నాటి పొద్దున వేలూరు బస్సుకు బయల్దేరే ముందు నన్ను దగ్గరికి పిలిచాడు. "అక్క ఏడ్చిందంట గదా నాకోసరం. ఏమని ఏడ్చిందిరా?"

నాకు గుర్తున్నది ఒక్కటే వాక్యం. కడుపు కోయించుకోవడానికి వెళ్తున్న మనిషికి అది ఎలా చెప్పను? కల్పించి చెప్పాను. నిన్ను ఎత్తుకుని పెంచిందట, నీకోసం తిండి మాని ఏడ్చిందట, నీలాంటి తమ్ముడు ఏడేడు లోకాల్లో లేడందట. పైకి చెప్పే ధర చెప్పాను. నాయన అంతా విని చిన్నగా నవ్వాడు. "సగం తీసేసినా సాల్లేరా" అన్నాడు.

బాగై వచ్చాడు. చెయ్యి వణుకుతుండగానే పేరు కొట్టడం మొదలుపెట్టి, రెండక్షరాలు కొట్టేసరికి అలసిపోయాడు. మిగతాది తర్వాత కొడతానంటే అత్త ఒప్పుకోలేదు. "మంగ అంటే సాలు. సిన్నప్పుడు అట్లే పిలుస్తా ఉంటివి" అని తీసుకుపోయింది. ఆ తర్వాత నాయన తొమ్మిదేళ్లు ఉన్నాడు. అత్త ప్రతి పండక్కీ వచ్చేది, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి బేరమాడి గాని వెళ్లేది కాదు. నాయన నిజంగా పోయిన రోజు మునస్వామే వచ్చి నా తల, మీసం తీశాడు. అత్త వచ్చి నాయన పక్కన కూర్చుంది. ఏడవలేదు. అమ్మ ఆమెను పట్టుకుని కదిలిస్తే, "నేను అప్పుడే ఏడ్చేస్తి గదా. మళ్లా రాలేదు" అంది. నా గుండు వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది.

మస్తాన్ భాయ్ మళ్లీ కనబడలేదు. నేనూ వెతకలేదు. చాలా ఏళ్లు బెల్లం లారీ కనిపిస్తే తల పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు తీయించుకోవడానికి తల మీద ఏమీ మిగల్లేదు, మీసం తెల్లబడింది. గుండిగను మా కోడలు అల్మరా మీద పెట్టింది. వేలితో కొడితే ఇప్పటికీ బాగా మోగుతుంది.

ఇక లెక్క. వచ్చింది: రానూపోనూ బస్సు చార్జీ, అందులో మంగలికి కొంత పోయింది. ఇడ్లీలు, వడలు, కాఫీ. పోయింది: ఒక మీసం. తండ్రికి పిడికెడు మట్టి ఇచ్చుకోలేకపోయిన మనిషి నా కోసం తన బెల్లం దించుకోకుండా తోలిన దారి. మా అత్త ఏడుపు, దాన్ని వినాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుండి లారీ చక్రాల్ని చూస్తూ పోగొట్టాను. ఇంకొకటి. తల ఎత్తి చూడమన్న ఆ ఒక్క మాట నాయనకు అందించి ఉంటే, ఆ రోజు బేరం ఆడేటప్పుడు కాకపోయినా ఆ తొమ్మిదేళ్లలో ఏదో ఒక రోజు, ఆయన తల ఎత్తి అక్కను తిన్నగా చూసి ధర చెప్పేవాడు. ఆమెకు కావలసింది అదొక్కటే. అది నా దగ్గరే ఉండిపోయింది, ఇప్పుడు ఇద్దరూ లేరు. నేను చెప్పినదాంట్లో నాయన సగం తీసేశాడు. మొత్తం తీసెయ్యాల్సింది.